అన్నీ మీరే చేసిపెట్టకండి

ప్రశ్న: మాది హనుమకొండ. మా బాబుకు 23 ఏళ్లు. కాలేజీ నుంచి రగ్బీ ఆడేవాడు. తొమ్మిది నెలల కింద మ్యాచ్‌లో ట్యాకిల్ అప్పుడు మెడ విరిగింది. సీ6, అంటే మెడలో ఆరో ఎముక దగ్గర దెబ్బ అన్నారు. భుజాలు, మణికట్లు కదులుతాయి. మోచెయ్యి ముడుస్తాడు గానీ చాచలేడు. వేళ్లు, కాళ్లు కదలవు. తినిపించడం, యూరిన్ గొట్టం, స్నానం అన్నీ నేనే. దోస్తులొస్తే మొహం తిప్పుకుంటాడు. మొన్న "నన్నెందుకు బతికించిన్రు" అన్నాడు. వాళ్ల నాన్నేమో స్టెమ్ సెల్ వైద్యానికి పొలం అమ్ముతానంటున్నాడు.

సలహా: అమ్మా, ముందు ఆ చివరి మాట సంగతి. "అట్లనకు బిడ్డా" అని నోరు మూయించకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, మందులు అందకుండా పెట్టండి, వెంటనే సైకియాట్రిస్టుకు చూపించండి. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్‌కు, 14416 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

రగ్బీ ఆడేవాడికి ఎంత తినాలి, ఎంత బరువెత్తాలి, ఎప్పుడు పడుకోవాలి అన్నీ తన లెక్కే. ఇప్పుడు పక్కమీద ఒత్తిగిలాలన్నా ఇంకొకరి దయ. కాళ్లు పోయిన దుఃఖంలో ఈ నామోషీ కూడా కలిసి ఉంది. మీ ప్రేమ తెలియకుండానే దాన్ని పెంచుతోంది.

సీ6 వాళ్లు చేతితో చాలా చేయగలరు. మణికట్టు పైకి లేపితే వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి, కిందికి వాలిస్తే తెరుచుకుంటాయి. తేలికపాటి వస్తువు పట్టుకోవడానికి వేళ్ల కండరాల్లోని బిగుతే ఆధారం. మాలీషు చేసేవాళ్లు మణికట్టునూ వేళ్లనూ ఒకేసారి వెనక్కి సాగదీస్తే ఆ బిగుతు సడలి, పట్టు పోతుంది. మణికట్టు పైకి ఉన్నప్పుడు వేళ్లు ముడిచే ఉంచాలి; చాచాలంటే మణికట్టు వాల్చాకే. వేడి నూనె, వేడి నీళ్ల సంచి అసలు వద్దు. స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు.

అరచేతి చుట్టూ వెల్‌క్రో పట్టీ కుట్టించి చెంచా దూర్చండి. అంచు ఎత్తున్న పళ్లెం, జారకుండా కింద తడిబట్ట. మొదట్లో సగం ఒంటిమీద పడుతుంది, పడనివ్వండి.

యూరిన్ పని మాత్రం మీ చేతి నుంచి తప్పించండి. ఈ వయసు కొడుకు తల్లి ముందు రోజూ పడే సిగ్గు బయటికి చెప్పడు. వాళ్ల నాన్న నర్సు దగ్గర నేర్చుకోవాలి. పొలం అమ్మేకన్నా ఇదే పెద్ద సాయం. విడిచి విడిచి గొట్టం వేసే పద్ధతైతే మామూలుగా నాలుగు నుంచి ఆరు గంటలకోసారి, ఒక్కసారికి 500 మిల్లీలీటర్లు దాటకుండా. వేళ గుర్తుచేసే అలారం బాబు ఫోన్‌లోనే ఉండాలి.

పడకలో రెండు గంటలకోసారి పక్క మార్చాలి. కుర్చీలో కూర్చుంటే అరగంటకోసారి ముందుకు వంగి రెండు నిమిషాలు ఉండాలి. పొద్దున, రాత్రి పిరుదులు, నడుము కింది ఎముక, మడమలు చూడండి. వేలితో నొక్కినా ఎరుపు తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే, తగ్గేదాకా దానిమీద బరువు పడొద్దు. దాన్ని ఫోటో తీసి బాబుకూ చూపించండి, తన ఒళ్లు తనకు తెలియాలి.

ఒకటి మాత్రం ఇంట్లో అందరికీ కంఠతా రావాలి. ఉన్నట్టుండి తల పగిలే నొప్పి, మొహం ఎర్రబడడం, చెమటలు వస్తే వెంటనే నిటారుగా కూర్చోబెట్టి బట్టలు వదులు చేయండి. గొట్టం మడత పడిందా, మూత్రాశయం నిండిందా, మలబద్ధకమా చూడండి. బీపీ ప్రమాదకరంగా పెరుగుతుంది, తగ్గకపోతే ఆస్పత్రికే. మెడ దెబ్బ ఉన్నవాళ్లకు మామూలు బీపీయే తక్కువ, కాబట్టి డ్యూటీ డాక్టరుకు అది ఎక్కువనిపించకపోవచ్చు. బాబు మామూలు బీపీ ఎంతో చీటీ రాసి కుర్చీకి కట్టండి. మన ఎండాకాలం ఇంకో గండం: దెబ్బకు కింద చెమట పట్టదు, మధ్యాహ్నాలు తడిగుడ్డ, ఫ్యాన్ తప్పవు.

పొలం అమ్మొద్దు. వెన్నుపాము దెబ్బకు స్టెమ్ సెల్ ఇంకా ప్రయోగ దశే. ప్రయోగానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు, అడుగుతున్నారంటేనే అనుమానించాలి. ఆ ఖర్చులో కొంత మంచి కుషన్, ఒంటి కొలతకు సరిపోయే వీల్‌చైర్, వెల్లూరు సీఎంసీలాంటి చోట కొన్ని వారాల పునరావాస శిక్షణకు పెట్టండి. వికలాంగ ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) ఇప్పుడే తీసుకోండి. పింఛను, రిజర్వేషన్ దానిమీదే.

వీల్‌చైర్ రగ్బీ 1970ల్లో కెనడాలో పుట్టిందే ఇలా చేతులూ కాళ్లూ దెబ్బతిన్నవాళ్ల కోసం. 2000 సిడ్నీ నుంచి పారాలింపిక్స్‌లో పతకాల ఆట. కదలికను బట్టి ఒక్కొక్కరికి 0.5 నుంచి 3.5 దాకా పాయింట్లు, కోర్టులో నలుగురివీ కలిపి 8 దాటకూడదు. ఇది మీరు చెప్పకండి, ఇంకో మ్యాచ్‌కు తోస్తున్నట్టు ఉంటుంది. జట్టులో బాగా దగ్గరైన ఒక్క దోస్తును పిలవండి. వీడియో చూపించే పని అతనిది. బాబు వద్దంటే ఆ రోజుకు వద్దు.