అరకు రైల్లో దొరసాని టోపీ

"మేం నలుగురు అక్కచెల్లెళ్ళం పిల్లల్ని వాళ్ళ నాన్నలకి అప్పజెప్పి మూడు రోజులు భీమిలి వెళ్తున్నాం. ప్రేమ, విరహం, కన్నీళ్ళు మాకు పడవు. తేలిగ్గా చదివి నవ్వుకునే తెలుగు పుస్తకాలు చెప్పండి" అని అడిగారు కదా.

పుస్తకాల సంగతి తర్వాత. ముందు ఆ పిల్లల్ని అప్పజెప్పడం అనే పని ఎలా సాధించారో చెప్పండి. పాతికేళ్ళ కాపురంలో నాకు ఒక్కసారీ కుదరలేదు. మా ఇంట్లో సెలవంటే మగవాళ్ళకి సెలవు, నాకు వంటిల్లు మారడం. వైజాగ్‌లో గ్యాస్ పొయ్యి మీద పెట్టే ఉప్మా అరకులో ఇండక్షన్ స్టవ్ మీద పెడతాను, అంతే తేడా. అందుకే సెలవుల పుస్తకానికి నేను పెట్టే పరీక్ష ఒక్కటే. పదిసార్లు మూసి పదిసార్లు తెరిచినా నవ్వు పాడవకూడదు. ప్రేమ నవలలతో నా పేచీ కూడా అక్కడే. ఆ ఏడుపు మనదాకా రావాలంటే గంటసేపు కదలకుండా కూర్చోవాలి. ఆ గంట మనకెవరిస్తారు?

మా అత్తయ్యది అనకాపల్లి, డెబ్బై దాటాయి. ఈ విషయంలో నాకంటే ఘాటు. నలభై ఏళ్ళపాటు వారపత్రికల్లో సీరియల్ అన్నది వదలకుండా చదివిన మనిషి, ఒక రోజు ఉన్నట్టుండి మానేసింది. ఏం అత్తయ్యా అంటే, "ఆ పిల్ల మంచి సీర కట్టుకుని కిటికీ కాడ నిలబడి ఏడుస్తాది. ఆడు కారు దిగి సూస్తాడు. ఎన్నిసార్లు దిగుతాడమ్మా ఆ కారు?" అంది. విమర్శకులు నాలుగు పేజీల్లో రాసే సంగతి!

మూడేళ్ళ కిందట డిసెంబరులో అత్తయ్య, నేను, మా వదిన (ఆడపడుచే), ఆవిడ కూతురు కలిసి అరకు బయల్దేరాం. పొద్దున్నే కిరండూల్ రైలు. ముందు రోజు దారిలో చదవడానికని ఒక పుస్తకాల షాపుకి వెళ్ళాను. ఏ షాపో ఎందుకులెండి. నవ్వించే పుస్తకం ఏదైనా ఇవ్వండి అన్నాను. కౌంటర్ దగ్గరి అబ్బాయి నన్ను ఎగాదిగా చూసి, "ఆంటీ, ఆడవాళ్ళకి ఇవి బాగా పోతాయి" అంటూ పచ్చళ్ళ పుస్తకం ఒకటి, వ్రతకథలు ఒకటి, గులాబీ రంగు అట్ట నవల ఒకటి ముందు పెట్టాడు. అట్ట మీద కడుపుబ్బ నవ్విస్తుందని రాసుంది. తెచ్చుకున్నాను, బుద్ధి లేక.

రైలెక్కాక నేను పైకి చదువుతున్నాను, మిగతా వాళ్ళు పులిహోర తింటూ వింటున్నారు. కొత్తవలస దాకా బాగానే నడిచింది. శృంగవరపుకోట వచ్చేసరికి హీరోయిన్‌కి తలనొప్పి మొదలైంది. తెలుగు నవలలో హీరోయిన్‌కి తలనొప్పి వచ్చిందంటే అది అమృతాంజనంతో పోయేది కాదని అత్తయ్యకి తెలుసు. "మూసెయ్యమ్మా. దీన్ని ఆస్పత్రిలో పడేసి మనల్ని కూడా బయట బల్ల మీద కూకోబెడతారు" అంది.

మూసేశాను. అదృష్టం కొద్దీ సంచి అడుగున మా మావయ్యగారి పాత 'బారిష్టర్ పార్వతీశం' ఉంది. అట్ట ఊడిపోతే మైదా జిగురుతో అంటించిన కాపీ. మొక్కపాటి నరసింహశాస్త్రిగారు రాశారు, మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడొకడు బారిష్టరు చదువుతానని ఇంగ్లండు బయల్దేరతాడు. రైలు తెలియదు, హోటలు తెలియదు, కానీ తనకి తెలియదని మాత్రం ఒప్పుకోడు. అలాంటి వాళ్ళు మా ఇంట్లోనే ఇద్దరున్నారు కాబట్టి మాకు వెంటనే పట్టేసింది.

బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది కదా. ఈ కొత్తవలస–కిరండూల్ లైన్లో మొత్తం 58 సొరంగాలంటారు. పార్వతీశం మద్రాసులో షోకుగా టోపీ కొనుక్కున్నాడు. అది పెట్టుకుంటే జనం ఎందుకు నవ్వుతున్నారో వాడికి అర్థం కావడం లేదు. సరిగ్గా అక్కడ సొరంగం వచ్చింది. పెట్టెలో లైట్లు లేవు. నా చేతిలో పుస్తకం నాకే కనపడటం లేదు. పెట్టెలో పిల్లలందరూ గొంతు చించుకుని అరుస్తున్నారు. ఆ అరుపుల మధ్య అత్తయ్య, "ఇంతకీ ఏటి టోపీ అది?" అంటోంది. వెలుతురు రానియ్యండి అత్తయ్యా అంటున్నాను. అంతలో ఆ చీకట్లోంచి, ఎవరిదో, చాలా మర్యాదైన గొంతు వినిపించింది.

"దొరసానులు పెట్టుకునే టోపీ అండీ అది."

వెలుతురు వచ్చింది. అందరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఎదురు సీటు చివర కిటికీ దగ్గర నేతచీర కట్టుకున్న పెద్దావిడ, ఒళ్ళో బత్తాయిల సంచి. సింహాచలం నుంచీ మాతోనే ఉంది, ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడూ ఏమీ ఎరగనట్టు బత్తాయి తొక్క తీసుకుంటోంది. మా వదినకి పులిహోర పొలమారింది. అత్తయ్య నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మా నాన్నగారు చదివి వినిపించేవారండీ. ఆపుకోలేకపోయాను, ఏమీ అనుకోకండి" అని ఆవిడ తలా రెండు తొనలు పెట్టింది.

ఇక అక్కణ్ణుంచి పుస్తకం మాది కాకుండా పోయింది. పక్క సీట్ల వాళ్ళు చేరారు. పల్లీలమ్మే కుర్రాడు బుట్ట దించి నిలబడిపోయాడు. సొరంగం వచ్చినప్పుడల్లా, తర్వాత పార్వతీశం ఏం చేస్తాడని చీకట్లో పందేలు. అత్తయ్య చెప్పినవి కొన్ని పుస్తకంలో ఉన్నవాటికంటే బాగున్నాయి. అప్పుడే ఎక్కడైనా రాసిపెట్టుకోవాల్సింది. ఈ గొడవలో బొర్రా గుహల దగ్గర దిగాల్సిన వాళ్ళం దిగడం మర్చిపోయాం. స్టేషన్ దాటాక చూసుకున్నాం. మా వదిన కూతురు ఇప్పటికీ బొర్రా చూడలేదని నన్ను సాధిస్తూనే ఉంది.

కాబట్టి మొదటి పుస్తకం అదే. మొదటి భాగం ఒక్కటీ పట్టుకెళ్ళండి, మిగతా రెండూ ఇంటికొచ్చాక చదువుకోవచ్చు.

రెండోది సోమరాజు సుశీలగారి 'ఇల్లేరమ్మ కథలు'. ఆవిడ కెమిస్ట్రీలో డాక్టరేట్ చేసి సొంతంగా పరిశ్రమ నడిపిన మనిషి. ఈ కథలు మాత్రం చిన్నపిల్ల గొంతుతో రాశారు. చిన్నచిన్న కథలు. కాఫీ పొంగేలోపు ఒకటి అయిపోతుంది. మీరు అక్కచెల్లెళ్ళు కాబట్టి, ఇందులో నువ్వే అంటే నువ్వే అని కొట్టుకోవడం ఖాయం.

మూడోది భానుమతిగారి 'అత్తగారి కథలు'. అవును, సినిమా భానుమతే. 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో తీసి తానే డైరెక్ట్ చేసినావిడ, ఇంట్లో అత్తగారి ఆవకాయ ముందు చేతులెత్తేస్తుంది. కాలం మారింది కాబట్టి ఒకటి రెండు చోట్ల మీ చెల్లెళ్ళు మొహం చిట్లిస్తారేమో. మా అత్తయ్య మాత్రం చిట్లించలేదు. "ఈవిడ నాలాటిదే" అని మురిసిపోయింది. నేనేమీ అనలేదు.

'కన్యాశుల్కం' అంటే చాలామంది పరీక్షలు గుర్తొచ్చి పారిపోతారు. పాఠంలో పెట్టి, పాత్ర స్వభావం వివరింపుము అని అడిగి, ఆ నాటకానికి మనం చేసిన అన్యాయం ఇంతా అంతా కాదు. 1892లో మన పక్కనే విజయనగరంలో ఆడిన నాటకం అది. మొత్తం చదవక్కర్లేదు. గిరీశం ఉన్న రంగాలు నలుగురూ పాత్రలు పంచుకుని పైకి చదవండి. మధురవాణి ఎవరన్న దగ్గర గొడవ వస్తే చీట్లు వేసుకోండి.

ఫోన్లో చదువుతాం అంటారేమో. ఎండలో తెర కనపడదు, పైగా మీరు చదువుతున్నారని తెలియక మీ ఆయన వీడియో కాల్ చేసి గ్రైండర్ జార్ ఎక్కడుందని అడుగుతాడు. కాగితం పుస్తకమే నయం. షాపులో యాభయ్యో పేజీ తెరిచి నిలబడి చదవండి. నవ్వు రాకపోతే అక్కడే పెట్టేసి వచ్చెయ్యండి, అట్ట మీద ఏం రాసున్నా సరే.

ఇంకోమాట. భీమిలి ఒడ్డున సాయంత్రం గాలికి పేజీలు నిలవవు. రెండు రబ్బరు బ్యాండ్లు వేసుకెళ్ళండి. కిందటిసారి నా పుస్తకానికి చెప్పుతో బరువు పెట్టానని అత్తయ్య రాత్రి దాకా చదువుల తల్లికి లెంపలేసుకుంటూనే ఉంది.