కాలేజీ చరిత్ర రాస్తున్న మేనకోడలికి

బిడ్డా,

పూర్వ విద్యార్థుల సంచికలో మన వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీ చరిత్ర నువ్వే రాస్తున్నావని అక్క చెప్పింది. చాలా సంతోషమైంది. నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. "1959లో నిట్ స్థాపించారు" అన్న మొదటి వాక్యం మార్చు. నిట్ అన్న పేరు 2002లో వచ్చింది. 1959 అక్టోబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసింది ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు, అంటే మన ఆర్ఈసీకి. దేశంలో ఆ కోవ కాలేజీల్లో మొదటిది మనదే. కేంద్రం, రాష్ట్రం కలిసి పెట్టాయి. సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకు, మిగతా సగం బయటి రాష్ట్రాల వాళ్ళకు. హాస్టల్లో నా గదిలోనే ఒకతను ఒడిశా, ఒకతను కేరళ. ఈ సంగతి తప్పకుండా రాయి.

ఎక్కువమంది తడబడేది పట్టా దగ్గర. కాలేజీ పేరు వేరు, పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం వేరు. మొదట్లో ఉస్మానియా పట్టా ఇచ్చేది. 1976లో మన దగ్గరే కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక కాలేజీ దాని కిందికి వచ్చింది. నేను ఎనభైలలో చదివాను కాబట్టి నా పట్టా మీద పైన పెద్దక్షరాల్లో కాకతీయ పేరే ఉంటుంది, టీసీ మీదేమో ఆర్ఈసీ ముద్ర. అందుకే సంచికలో ఈ రెండింటికీ వేర్వేరు పట్టికలు వెయ్యి.

2002 దగ్గర కాస్త ఆగి వివరంగా రాయి. అప్పుడే ఆర్ఈసీ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అంటే నిట్, అయింది. గేటు మీద బోర్డు మార్చి ఊరుకోలేదు. డీమ్డ్ విశ్వవిద్యాలయం హోదాతో సొంతంగా పట్టాలిచ్చే అధికారం వచ్చింది, కాలేజీ పూర్తిగా కేంద్రం చేతికి పోయింది. 2007 ఆగస్టు 15న నిట్‌ల చట్టం అమల్లోకి వచ్చి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. అప్పుడు పేరేమీ మారలేదు, ఈ రెండు ఘట్టాలనూ కలిపెయ్యకు.

ఆర్ఈసీలో చేరి నిట్ నుంచి బయటికొచ్చిన బ్యాచ్‌లున్నాయి చూడు, వాళ్ళ పట్టా మీద ఏముందో ఊహించి రాయొద్దు. ఫోన్ చేసి ఫొటో పంపమని అడుగు. 1970లో పాసైన పెద్దాయన పేరు పక్కన నిట్ అని వేస్తే నాకే మనసు కష్టపడుతుంది, ఆయనకు ఇంకెంత ఉంటుంది! అక్కడ ఆర్ఈసీ అనే రాయి. కావాలంటే "ఇప్పటి నిట్" అని కింద చిన్నగా పెట్టు. పట్టాల ఫొటోలు అచ్చేసేటప్పుడు మాత్రం హాల్‌టికెట్ నంబర్లు కనబడకుండా చెయ్యి.

ఆశీస్సులతో,
మీ మామ