ఏ వాక్యం అని అడుగు

తల్లీ,

నీ ఉత్తరం అందింది. వాట్సాప్‌లోనే వచ్చినా, అంత పొడుగ్గా, అంత మనసుపెట్టి రాసినదాన్ని మెసేజ్ అనాలనిపించలేదు. మేడమ్ అని పిలిచావు. అక్కర్లేదు, పిన్నీ అను చాలు.

ఫోన్‌లో పదకొండు కథలున్నాయని, ఒక్కటీ ఎవరికీ పంపలేదని, పంపుదామని కూర్చున్నప్పుడల్లా గుండె దడదడలాడి "నాకసలు రాయడం వచ్చా" అనిపించి ఫైలు మూసేస్తున్నానని రాశావు. ఈ భయం మీకెప్పుడు పోయింది అని అడిగావు. పోలేదమ్మా. ముప్పై ఏళ్లుగా రాస్తున్నాను, పోయిన నెల ఒక కథ మొదలుపెట్టినప్పుడు కూడా మొదటి పేజీ దగ్గర అదే టెన్షన్. కాకపోతే ఆ భయం వచ్చినప్పుడు దాన్ని ఏమడగాలో తెలిసింది. నాకు తెలిసినదల్లా అదే, అదే చెబుతాను.

నా రెండో కథ ఒక వారపత్రికకి పంపాను. అప్పట్లో తెల్లకాగితం మీద ఒకవైపే రాయాలి, పక్కన మార్జిన్ వదలాలి, ఈ కథ నా సొంతమని, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదని హామీపత్రం పెట్టాలి, తిప్పి పంపడానికి మన చిరునామా రాసి స్టాంపులంటించిన కవరు కూడా లోపల పెట్టాలి. మూడు నెలలకి ఆ కవరు తిరిగొచ్చింది. పోస్ట్‌మాన్ ఇంకా గేటు దగ్గర ఉండగానే అతని చేతిలో నా అక్షరాలు గుర్తుపట్టాను. కథతో పాటు చిన్న అచ్చుకాగితం, ప్రచురించలేకపోతున్నందుకు చింతిస్తున్నామని. ఎందుకో రాయలేదు. వాళ్లు రాయని కారణం నా మనసు రాసేసింది: నీకు రాదు. ఆ రెండు మాటలు పట్టుకుని దాదాపు రెండేళ్లు కాగితం ముట్టలేదు.

తర్వాత ఇల్లు మారుతున్నప్పుడు ట్రంకుపెట్టెలో బట్టల కింద ఆ కథ కనిపించింది. సామాన్ల మధ్య నేలమీదే కూర్చుని చదివాను. మా అమ్మ కథ అది. నెలాఖరుకి బియ్యం అయిపోతే పక్కింట్లో బదులు తెచ్చుకునేది, జీతం రాగానే తిరిగిచ్చేసేది. నేనేమో మొదటి మూడు పేజీలూ మా ఊరు, చెరువుగట్టు, సాయంకాలం ఆకాశం రంగు, వీటితో నింపాను. నాలుగో పేజీ మధ్యలో ఒక వాక్యం ఉంది. "అమ్మ తవ్వ నిండా కొలిచి, పైన అరచేత్తో సమం చేసి, గిన్నెలో పోశాక ఇంకో పిడికెడు వేసింది." ఎవరూ అడగని ఆ పిడికెడు దగ్గరే కథ ఉంది. అమ్మ అభిమానం, భయం, పక్కింటావిడ చూపు, అన్నీ అందులో ఉన్నాయి. ముందు మూడు పేజీల్లో మనుషులే లేరు, నాకు రాయడం వచ్చని చూపించుకోవాలన్న తాపత్రయం ఒక్కటే ఉంది. ఆ మూడు పేజీలూ తీసేయడానికి ఒక సాయంత్రం పట్టింది. నాకు రాదనుకున్నందుకు రెండేళ్లు పోయాయి. ఆ రెండేళ్ల గురించి ఇప్పటికీ బాధే.

అందుకే ఈసారి నీ మనసు "బాగాలేదు" అంటే ఏ వాక్యం అని అడుగు. గట్టిగా అడుగు. ఊరికే భయమే అయితే ఏ వాక్యమో చెప్పలేదు, నువ్వు పనికిరావు, నీ వాళ్లెవరూ రాయలేదు, ఇంగ్లీష్ మీడియం దానివి నీకు తెలుగేం వచ్చు, ఇలా నీ గురించే మాట్లాడుతుంది. అలాంటప్పుడు దానికి జవాబివ్వకు, రాస్తున్నది రాస్తూ ఉండు. ఒక్కోసారి మాత్రం అనుమానం సరిగ్గా వేలుపెట్టి చూపిస్తుంది, ఇదిగో ఈ సంభాషణ అబద్ధంలా ఉంది, ఈ ముసలాయన ఇలా మాట్లాడడు అని. అప్పుడు వినాలి. ఆ అనుమానం నీ మేలు కోరేదే, దాన్ని పోగొట్టుకోకు.

గురజాడ సంగతి చూడు. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. ఆడిన నాటకం, అచ్చయిన పుస్తకం, ఇంకెవరైనా అయితే చాలనుకునేవారు. ఆయన దాన్ని మళ్లీ విప్పి, పెంచి, మార్చి 1909లో రెండో కూర్పు తెచ్చారు. మనం ఇప్పుడు గిరీశం అనీ మధురవాణి అనీ తలుచుకునేది ఆ రెండో కూర్పులోని మనుషుల్ని. మొదటి అచ్చుకీ రెండోదానికీ మధ్య పన్నెండేళ్లు. వీలైతే రెండు కూర్పులూ సంపాదించి ఒక్క రంగమైనా పక్కపక్కన పెట్టుకుని చదువు, రాయడం గురించి నేను చెప్పగలిగినదానికంటే ఎక్కువ తెలుస్తుంది. ఆ మరుసటి ఏడు, 1910లో, ఆయన రాసిన చిన్న కథ పేరు దిద్దుబాటు. ఆ మాట నాకు చాలా ఇష్టం. దిద్దడం అంటే బడిలో పలక మీద మనం మొదట నేర్చుకున్న పని. ఒకే అక్షరం మీద మళ్లీ మళ్లీ చెయ్యి తిప్పేవాళ్లం, మొదటిసారే ఎందుకు రాలేదని ఎవరూ సిగ్గుపడలేదు.

పెద్దవాళ్ల ముందు నేనెంత అని కూడా రాశావు. ఒకసారి శ్రీకాకుళం వెళ్లు. కాళీపట్నం రామారావు మాస్టారు తన పురస్కారాల డబ్బుతో 1997లో అక్కడ కథానిలయం పెట్టారు. పెద్ద పేర్లే కాదు, ఒకటో రెండో కథలు రాసి ఆగిపోయినవాళ్లవి కూడా పాత పత్రికల్లోంచి ఏరి దాచిన చోటు అది. నేను వెళ్లినప్పుడు ఎన్నడూ పేరు వినని ఒకావిడ కథ చదివాను, పేరు మర్చిపోయాను, ఆవిడ కథలో పిల్లాడు చెప్పులు చంకలో పెట్టుకుని వర్షంలో నడవడం మాత్రం ఇన్నేళ్లయినా కళ్లముందే ఉంది. ఆవిడ కూడా పంపేముందు నీలాగే భయపడి ఉంటుంది. భయపడుతూనే పంపింది కాబట్టి నేను చదవగలిగాను.

లైకులు, పోటీల ఫలితాలు, వాటి గురించి ఎక్కువ చెప్పను. ఒక కథ పంపగానే ఇంకోటి మొదలుపెట్టు, జవాబు వచ్చేసరికి నీ మనసు కొత్తదాని మీద ఉండాలి. తిరిగొస్తే ఆ రోజు ఏడుపొస్తే ఏడువు. మర్నాడు పైకి చదువుకో, నోరు ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిల్ పెట్టు.

ఇక నువ్వు ఫోటో తీసి పంపిన నోట్‌బుక్ పేజీ, ఆటో నడిపే నాన్న కథ. రెండుసార్లు పెద్దది చేసుకుని చూశాను. నాలుగో పేరాలో ఒక వాక్యం కొట్టేశావు, ఒక్క గీత కాదు, కింద ఏముందో కనపడకూడదని అడ్డంగా నిలువుగా గీకావు. అయినా చదవగలిగాను. "కిరాయి దొరకని రోజు నాన్న తాళంచెవి మేకుకి తగిలించడు, దిండు కింద పెట్టుకుని పడుకుంటాడు." ఆ పేజీ మొత్తంలో నాకు ఊపిరి ఆడనిచోటు అదొక్కటే. అది బాగాలేదని కొట్టేశావా, మీ నాన్నగారు చదువుతారని కొట్టేశావా? రెండోదే అయితే, ముందు ఆ వాక్యం తిరిగి రాసి కథ పూర్తిచెయ్, ఎవరికి చూపించాలో తర్వాత చూద్దాం. నేను ఎవరికీ చూపించను.

ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను. సగమే అయినా సరే పంపు.

మీ పిన్ని