టేకాఫ్ తర్వాత పైలట్ కేటాయించిన ఎత్తును దాటిపోవడం ఎలా జరుగుతుంది?

నేలమీది నుంచి విమానాలకు దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ 5,000 అడుగుల దగ్గర ఆగమంటే విమానం 5,400 దాకా ఎలా వెళ్తుందన్నది ప్రశ్న. చాలాసార్లు ఇది నిర్లక్ష్యం కాదు, వేగం. ఎక్కే విమానం నిమిషానికి 3,000 అడుగులు ఎక్కుతుంటే 300 అడుగులు దాటడానికి 6 సెకన్లు చాలు. సరిగ్గా అప్పుడే ఫ్లాప్స్ (రెక్కల అంచు పలకలు) మూయాలి, రేడియో ఫ్రీక్వెన్సీ మార్చాలి, చెక్‌లిస్ట్ చదవాలి.

మాట పొరపాటుగా వినబడటం ఇంకో కారణం. పదివేలు (వన్ జీరో థౌజండ్), పదకొండువేలు (వన్ వన్ థౌజండ్) ఇంగ్లీషు రేడియోలో ఒకదానికొకటిగా వినిపించవచ్చు. అందుకే పైలట్ విన్నది తిరిగి చెప్పాలి, కంట్రోలర్ దాన్ని శ్రద్ధగా వినాలి. కాక్‌పిట్‌లో ఒకరు ఎత్తు సెట్ చేస్తే, రెండోవారు ఆ అంకెను చూసి పైకి చదువుతారు. చిన్న అలవాటే, కానీ నాకు దీనిమీదే ఎక్కువ నమ్మకం.

ఎత్తు చూపించే ఆల్టీమీటర్ సంగతి మరీ ముఖ్యం. అది కొలిచేది గాలి పీడనాన్ని; పైలట్ అందులో పెట్టిన పీడనం అంకెతో పోల్చి ఎత్తు చూపిస్తుంది. స్థానిక పీడనం 983 హెక్టోపాస్కల్స్ ఉన్నప్పుడు పొరపాటున ప్రామాణిక 1013 పెడితే, విమానం సూచించిన ఎత్తుకంటే దాదాపు 800 అడుగులు కిందే ఉండిపోతుంది. రెండు విమానాల మధ్య నిలువు దూరం మామూలుగా 1,000 అడుగులే కదా!

కావాలనే ఎత్తు మార్చాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ఎమర్జెన్సీ ఒకటి. ఢీకొనే ప్రమాదముందని టీకాస్ పరికరం ఎక్కమంటే, కంట్రోలర్ దిగమన్నా సరే ఎక్కాల్సిందే. 2002లో జర్మనీలోని యూబర్‌లింగెన్ మీదుగా వెళ్తున్న రెండు విమానాల్లో ఒకటి టీకాస్ మాట, రెండోది కంట్రోలర్ మాట విన్నాయి. రెండూ కిందికే దిగి ఢీకొన్నాయి. 71 మంది చనిపోయారు.