వాచ్‌నైట్ ఒట్టు, సంక్రాంతి సీసా

అల్లుడూ, ప్రభువు నామమున వందనాలు.

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. డిసెంబరు 31 రాత్రి చర్చిలో వాచ్‌నైట్ ఆరాధనలో మోకాళ్ల మీద పడి ఇక మందు ముట్టనని ఒట్టు పెట్టుకున్నావు. పాస్టరయ్యగారిచ్చిన బైబిలు వాగ్దానపు కార్డు పర్సులో దాచుకున్నావు. పండక్కి ఊరొచ్చి, భోగి మంట ఆరకముందే సీసా పట్టావు. "దేవుడు నా మాట వినలేదు మావయ్యా" అంటున్నావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కాగితం మీద రాస్తున్నా.

ఒట్లలో నేను నీకంటే సీనియర్ని. ఈస్టరుకి ముందొచ్చే శ్రమల దినాలు నలభై రోజులూ చుక్క ముట్టేవాణ్ణి కాదు. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తి వెలిగించి పాటలు పాడి, సాయంత్రానికి నలభై రోజుల బాకీ వడ్డీతో సహా తాగేసేవాణ్ణి. 1995లో రాష్ట్రంలో మద్యనిషేధం పెట్టినప్పుడు మీ అత్తయ్య ఉపవాసముండి స్తోత్రం చెల్లించింది. నాకేం, మిర్చి బస్తాల లోడుతో నాగపూర్ పోయేవాణ్ణి, అక్కడ దుకాణాలు తెరిచే ఉండేవి. 1997లో నిషేధం ఎత్తేసేనాటికి మునుపటికన్నా ఎక్కువే తాగుతున్నా.

ఆ నలభై రోజులూ నన్ను ఆపింది భక్తి అనుకునేవాణ్ణి. కాదురా, వట్టి మొండితనం. పళ్లు బిగబట్టి రోజులు లెక్కపెట్టుకున్నాను తప్ప దేవుడికి అందులో పనేమీ ఇవ్వలేదు. నీ ఒట్టూ అంతే. "ఇక ముట్టను ప్రభువా" అన్నావు, అంటే చేసేవాడివి నువ్వే, ఆయన సాక్షి మాత్రమే. "నేను చేయగోరు మేలు చేయక, చేయగోరని కీడు చేయుచున్నాను" అని రోమా పత్రికలో మొరపెట్టుకున్నది అపొస్తలుడైన పౌలు. ఆయనకే లేని బింకం మనకెందుకు? జన్మంతా ముట్టననకు. "ఈ సాయంత్రం నా వల్ల కాదు, ఇంటిదాకా నడిపించు" అను. రేపు మళ్లీ అడుగు. అరణ్యంలో ఇశ్రాయేలీయులకి దేవుడు కురిపించిన మన్నా అనే ఆహారం కూడా ఏ రోజుది ఆ రోజే, తెల్లారేదాకా దాచుకున్నవాళ్లకి పురుగు పట్టింది.

అన్నిటికన్నా ముందు రాయాల్సింది మధ్యలో రాస్తున్నా. రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. మొదటి రెండు మూడు రోజుల్లో మూర్ఛ రావచ్చు, లేనివి కనిపించొచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఒక ప్రార్థన కూటంలో ఒకాయన "మాత్రలు మింగడం అవిశ్వాసం" అంటే నమ్మి, మాత్రల్లేకుండానే తాగుడు ఆపేసి, మూడో రోజు వంటింట్లో కొట్టుకుంటూ పడిపోయాను. మీ అత్తయ్య ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తబట్టి ఈ ఉత్తరం రాస్తున్నా. సువార్త రాసిన లూకా కూడా డాక్టరే గదా! ముందు డాక్టర్ని కలిసి, ఎంత తాగుతున్నావో దాచకుండా చెప్పు. ప్రార్థన ఆసుపత్రి మంచం మీద కూడా చేసుకోవచ్చు.

తర్వాత ఒక మనిషిని వెతుక్కో. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని బైబిల్లో యాకోబు రాసింది మనవాళ్లు చదివి పేజీ తిప్పేస్తారు. దేవుడి దగ్గర ఏడవడం తేలిక, మనిషి మొహం చూసి చెప్పాలంటేనే నాలుక మడతపడుతుంది. నాకు దొరికింది మా సంఘంలో ఒక రిటైరైన మాస్టారు. రోజూ ఆరింటికి ఆయన అరుగు మీద కూర్చునేవాణ్ణి. "తాగావా?" అని అడిగేవాడు, అంతే. మొదట్లో రెండుసార్లు తాగానని చెప్పాను. "సరే, టీ తాగు" అన్నాడు. ఆ రోజు ఆయన బైబిలు వాక్యం ఎత్తుకుని ఉంటే మూడోసారి అబద్ధం చెప్పేవాణ్ణి. సంఘంలో అలాంటివాళ్లు దొరకకపోతే తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుకి వెళ్లు. 1935లో అమెరికాలో ఒక స్టాక్ బ్రోకరు, ఒక డాక్టరు, ఇద్దరూ తాగుడుకి చిక్కినవాళ్లే, ఒకరి గోడు ఒకరికి చెప్పుకుంటూ మొదలుపెట్టారు. ఫీజు లేదు. మీ హైదరాబాదులోనూ జరుగుతాయి.

ఇంకో సంగతి, నీకు కోపం రావచ్చు. మానేసి నెల తిరక్కుండా చర్చిలో మైకు పట్టుకుని, దేవుడు నన్ను మార్చాడని సాక్ష్యం చెప్పకు. నేను చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు, పాస్టరమ్మగారు కళ్లు తుడుచుకుంది. మూడు వారాలకి మళ్లీ తాగాను, ఈసారి పరువు కోసం దాక్కుని. నా తాగుడులో అంతకన్నా చెడ్డ రోజులు లేవు.

సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఏం చేస్తావో ఇప్పుడే అనుకో. ఊడ్చి అలంకరించిన ఇల్లు ఖాళీగా ఉంటే, పోయిన దయ్యం మరో ఏడింటిని వెంటబెట్టుకొచ్చిందని ప్రభువు చెప్పాడు. నేను డోలక్ నేర్చుకున్నా. తాళం ఇప్పటికీ తప్పుతుంది, క్వయర్ వాళ్లు మర్యాదకి ఊరుకుంటారు. నువ్వు పాపతో కూర్చుని హోంవర్కు చేయించు.

అప్పులు ఒక నోటుబుక్కులో రాయి. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు, నాకంత లేక అసలు మాత్రమే ఇచ్చాను, అదీ రెండేళ్లకి. టైర్ల షాపు ఆయన డబ్బు లెక్కపెట్టుకుని "ఇది రాదనుకున్నానయ్యా" అన్నాడు. ఆ రాత్రి నిజంగా నిద్రపట్టింది.

మళ్లీ పడితే ఆదివారం దాకా ఆగకు. ఆ రాత్రే ఆ మనిషికి ఫోన్ చెయ్. పడినవాడు సిగ్గుతో ప్రభువు బల్లకి, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి, రావడం మానేస్తాడు, ఆ తర్వాత గుడికే రాడు. వెనక బెంచీలో కూర్చో, పర్లేదు, రావడం మాత్రం మానకు.

నీకు మనిషి దొరికేదాకా ఆ పని నాది. రేపటి నుంచి సాయంత్రం ఆరింటికి నేనే ఫోన్ చేస్తా, ఒక్కటే అడుగుతా. ఉన్నది చెప్పు. అత్తయ్య గోంగూర పచ్చడి బస్సులో పంపుతోంది, సీసా మూత గట్టిగానే బిగించాం.

మీ మావయ్య