రొమేనియన్ మాతృభాషగా గలవారు ఇంగ్లిషు ప్రిపొజిషన్లను ఎలా సాధన చేయాలి?

ముందు ‘లా’ అనే చిన్న మాట సంగతి చూడండి. ‘సుంట్ లా ష్క్వాల’ అంటే బడిలో ఉన్నాను, ‘మెర్గ్ లా ష్క్వాల’ అంటే బడికి వెళ్తున్నాను. రొమేనియన్‌లో రెంటికీ ఒకే మాట. ఇంగ్లిషులో మాత్రం ఉండటానికి ‘ఎట్’, వెళ్లడానికి ‘టు’. కాబట్టి వాక్యం రాసే ముందు అందులో కదలిక ఉందా అని చూసుకోవాలి.

‘పె’ మరింత చిక్కైనది. ‘పె మాస’ అంటే బల్ల మీద. కానీ ‘ఓ వడ్ పె మరియా’ అంటే మరియాను చూస్తున్నాను. ఇక్కడ అది మన ‘ను’ విభక్తి చేసే పనే చేస్తోంది. ఇంగ్లిషులో ఆ చోట ‘ఆన్’ పెట్టకూడదు, ఏదీ పెట్టకూడదు. వారాల పేర్లకు ఇది తిరగబడుతుంది: రొమేనియన్‌లో ఒట్టి ‘లుని’ చాలు, ఇంగ్లిషులో ‘ఆన్ మండే’ అనాలి.

ఖాళీలు పూరించే అభ్యాసాల కంటే క్రియను, ప్రిపొజిషన్‌ను జంటగా నేర్చుకోవడమే మేలని నా గట్టి నమ్మకం. ‘దెపిందె దె’కు ‘డిపెండ్ ఆన్’, ‘కసతొరిత్ కు’కు ‘మ్యారీడ్ టు’. ఇలాంటివి రోజుకు ఐదు సొంత వాక్యాల్లో రాసి, పైకి చదవండి. మర్నాడు రొమేనియన్ వాక్యం మాత్రమే చూసి, ఇంగ్లిషు వాక్యాన్ని మళ్లీ రాయండి.