అమ్మాయికి, ఈ-పుస్తకాల సంగతి

కావలి

అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఆ లింకు నొక్కబాక. లక్ష తెలుగు పుస్తకాలు ఉచితం అని ఊరించి, తీరా నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించే ఏపీకే ఫైలు దింపుకోమనేవాడు పుస్తకాలిచ్చే బాపతు కాదు. పుస్తకం వచ్చేది పీడీఎఫ్‌గానో, అక్షరం పెద్దది చేసుకునే వీలున్న ఈపబ్ అనే రకం ఫైలుగానో. దాన్ని ఇచ్చేందుకు వాడి యాప్ నీ ఫోన్లో ఎక్కాల్సిన పనిలేదు, నీ కార్డు నంబరు అంతకన్నా అక్కర్లేదు. ఇప్పటికే దింపుంటే డౌన్‌లోడ్స్‌లోకి పోయి ఆ ఫైలు తీసెయ్. ఇన్‌స్టాల్ కూడా అయిపోయుంటే యాప్ పీకేసి, సెట్టింగ్స్‌లో తెలియని యాప్‌లకిచ్చిన అనుమతి ఆపెయ్. ఆ తర్వాత జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చు.

మీ మామగారికి పాత తెలుగు పుస్తకాలు, పిల్లలకు కథలు, నీకు గ్రూప్ టూ చదువు. మూడింటికీ మూడు దార్లు. యాడికి పోవాలో చెప్పేముందు ఒక లెక్క చెప్తా, అది వస్తే ఏ సైట్లో ఏం కనపడినా తీసుకోవచ్చో లేదో నీకే తెలిసిపోతుంది.

1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం మన దేశంలో రచయిత బతికున్నన్నాళ్లూ ఆ రచన మీద హక్కు వాళ్లది, పోయాక ఇంకో 60 ఏళ్లు వారసులది. ఆ 60 ఏళ్లు పోయిన రోజు నుంచి కాదు, మరుసటి ఏడాది జనవరి 1 నుంచి మొదలవుతాయి. మొదట్లో అది 50 ఏళ్లే. ఠాగూరు రచనల హక్కు 1991 ఆఖరుకు తీరిపోతుందనంగా ఇంకో పదేళ్లు పొడిగించారు. పాత పుస్తకాల్లోనో, ఎవరి నోటో 50 అని వింటే అందుకే.

మన నెల్లూరు కవికోకిల దువ్వూరి రామిరెడ్డి గారినే తీసుకో. 1947లో పోయారు. 1948 జనవరి నుంచి 60 ఏళ్లంటే 2007 డిసెంబరుతో సరి. ఆయన రచన ఇప్పుడు ఎవరైనా దింపుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు, పది మందికి పంచొచ్చు. గురజాడ 1915, కందుకూరి 1919, చిలకమర్తి 1946. వీళ్లవన్నీ ఎప్పుడో తీరిపోయాయి. జాషువా గారు పోయింది 1971లో, కాబట్టి 2031 ఆఖరు దాకా ఆగాల. విశ్వనాథ 1976, అంటే 2036. చలం 1979, అంటే 2039. శ్రీశ్రీ 1983, అంటే 2043. మరి వీళ్ల పుస్తకాల స్కాన్లు నెట్లో కుప్పలు పోసుండాయే అంటావు. ఉండాయి. ఎవరో తెచ్చి పెట్టినంత మాత్రాన అవి సక్రమం కావు.

ఈ లెక్కలో ఎక్కువమంది తప్పేది అనువాదం దగ్గర. ఉమర్ ఖయ్యాం పోయి తొమ్మిది వందల ఏళ్లు కావస్తోంది, కానీ తెలుగులో చదివేటప్పుడు చూడాల్సింది ఖయ్యాంను కాదు, తెలుగు చేసినవాళ్లను. ఖయ్యాంను రామిరెడ్డి గారు తెలుగు చేసిన పానశాల తీసుకోవచ్చు, ఆయన పోయింది 1947లో గనక. నిన్నగాక మొన్న ఇంకొకరు చేసిన అనువాదం తీసుకోకూడదు. వ్యాఖ్యానం సంగతీ అంతే. తిక్కన గారి పద్యం 13వ శతాబ్దానిది, దాని మీద ఎవరికీ హక్కు లేదు. దాని కింద ప్రతిపదార్థం, తాత్పర్యం రాసిన పండితుడు మొన్నమొన్నటివాడైతే ఆ రాసిన మేరకు హక్కు ఆయనది. కొత్త ముద్రణలో చేర్చిన పీఠిక కూడా అట్టాంటిదే. రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన రచనకైతే 60 ఏళ్లు అచ్చయిన ఏడాదిని బట్టి లెక్కపెడతారు. మీ మామగారు అడిగే వాటిలో సగం వ్యాఖ్యానాలే అయ్యుంటాయి, కాబట్టి అట్ట మీది పేరుతో ఆగకుండా లోపలి పేజీ చూడు.

రచయిత ఎప్పుడు పోయిందీ తెలియకపోతే తెలుగు వికీపీడియాలో పేరు కొట్టు, జనన మరణాలు పక్కన పెట్టెలో ఉంటాయి. అక్కడా దొరక్కపోతే ఆ పుస్తకం పక్కన పెట్టు.

ఇంక దార్లు. పాత తెలుగుకు మొదట పోవాల్సింది వికీసోర్స్, వికీపీడియా వాళ్ల పుస్తకాల సైటు. తర్వాత చెప్పబోయే ఇంటర్నెట్ ఆర్కైవ్ కంటే ముందు దీన్ని ఎందుకు చెప్తున్నానంటే, ఇక్కడుండేది ఫొటో కాదు, అక్షరం. ఒక్కో పేజీని ఎవరో కూర్చుని టైపు చేసో, యంత్రం చదివింది సరిదిద్దో పెడతారు. అక్షరం పెద్దది చేసుకోవచ్చు, మాట వెతుక్కోవచ్చు, ఫైలు కూడా ఒకటి రెండు ఎంబీలు దాటదు. పుస్తకం తెరిచాక దింపుకునే బటన్ కనపడుతుంది. ఈపబ్ తీసుకో, పీడీఎఫ్ వద్దు. పెద్ద పుస్తకానికి పీడీఎఫ్ తయారు చెయ్యమంటే సర్వరు తిరిగి తిరిగి చేతులెత్తేస్తుంది, ఈపబ్ నిమిషంలో వచ్చేస్తుంది. దింపే ముందు ఆ పుస్తకం సూచిక పేజీలో, అంటే పేజీల అంకెలన్నీ వరసగా ఉండేచోట, రంగులు చూసుకో. ఆకుపచ్చ పేజీ ఇద్దరు చూసింది, పసుపు ఒకరు చూసింది, ఎరుపు ఇంకా దిద్దనిది. ఎరుపు నిండుగా ఉంటే చదవడం మొదలుపెట్టిన నాలుగో పేజీకే మీ మామగారికి విసుగొస్తుంది. అట్టాంటి వాటికి అదే సూచికలోంచి స్కానుకు పోవడం మేలు. బతికున్న రచయితలు కొందరు తమ పుస్తకాలను ఎవరైనా పంచుకోవచ్చని, క్రియేటివ్ కామన్స్ అనే లైసెన్సు కింద తామే ఇచ్చేశారు. అవీ ఇక్కడుంటాయి. వాటికి 60 ఏళ్ల లెక్క అక్కర్లేదు, రచయిత పేరు తీసెయ్యకుండా ఉంటే చాలు.

రెండోది ఇంటర్నెట్ ఆర్కైవ్, ఆర్కైవ్ డాట్ ఆర్గ్. తెలుగు పుస్తకాలకు ఇంతకంటే పెద్ద గాదె లేదు. ఇంత చెత్త కలిసిన గాదె కూడా లేదు. బెంగుళూరు ఐఐఎస్సీ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ లాంటివి కలిసి నడిపిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు ఇప్పుడు ఇక్కడే దొరుకుతున్నాయి. వెతికేటప్పుడు తెలుగు లిపిలో కొడితే సగం దొరకవు, ఎందుకంటే వాళ్లు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, అదీ ఒక వింత పద్ధతిలో ఎక్కించారు. దీర్ఘం వస్తే అచ్చును రెండుసార్లు రాశారు, సున్నా వస్తే ఎన్ అక్షరం పక్కన చిన్న కామా పెట్టారు. కృషీవలుడు అని వెతకాలంటే షీ దగ్గర ఐ ఒకసారి పెట్టి చూడు, రెండుసార్లు పెట్టి చూడు. శ్రీకి కూడా ఎస్ ఆర్ ఐ ఒకటి, ఎస్ హెచ్ ఆర్ ఐ ఐ ఇంకొకటి. పేరు మొత్తం కొట్టకుండా అందులో దీర్ఘం లేని ముక్క ఒకటి కొట్టి, పక్కన భాష తెలుగు అని వడపోస్తే పని తేలికవుతుంది. రచయిత పేరుతో వెతికితే ఇంటిపేరు ఒక్కటే కొట్టు.

దొరికాక వెంటనే దింపబాక. అక్కడే తెరిచి మూడుచోట్ల చూడు: పేరు పేజీ, విషయసూచిక, ఆఖరి పేజీ. అచ్చయిన ఏడాది పేరు పేజీలో ఉంటుంది, ఆర్కైవ్ వాళ్ల వివరాల్లో ఉన్న ఏడాదిని నమ్మబాక. చాలావాటికి స్కాన్ చేసిన తేదీ, అచ్చు తేదీ కలగాపులగమై ఉంటాయి. ఆఖరి పేజీ చూడమన్నది ఎందుకంటే, స్కాన్ చేసేటప్పుడు పేజీలు ఎగిరిపోవడం, ఒకే పేజీ రెండుసార్లు పడటం ఇక్కడ మామూలే. ఒకే పుస్తకం మూడు నాలుగు ప్రతులుంటే పేజీల లెక్క ఎక్కువున్నది తీసుకో.

డౌన్‌లోడ్ ఆప్షన్స్ అని ఒక జాబితా కనపడుతుంది. అందులో పీడీఎఫ్ ఒక్కటే నీకు కావాల్సింది. ఈపబ్ అని కూడా రాసుంటుంది, ఆశపడబాక. అది మనిషి దిద్దింది కాదు, యంత్రం చదివి ఉమ్మేసింది. పాత తెలుగు అచ్చులో ఒత్తులు, గుణింతాలు దానికి సరిగ్గా అందవు, తెరిస్తే అక్షరాల గుట్టే. జేపీ2 జిప్ అని ఉన్నది పొరపాటున కూడా ముట్టుకోబాక, అది పేజీల అసలు ఫొటోల మూట. వందల ఎంబీలుంటుంది, రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ప్యాకు దాంతోనే హరీ. పీడీఎఫ్ కూడా ఒక్కొక్కటి 20 నుంచి 100 ఎంబీ దాకా ఉంటుంది గనక వైఫై ఉన్నచోట దింపుకో.

ఇంకోమాట. ఆర్కైవ్‌లో ఎవరైనా ఏదైనా ఎక్కించొచ్చు. డిజిటల్ లైబ్రరీ స్కాన్లలో కూడా హక్కులున్న పుస్తకాలు కలిసిపోయుండాయి. కాబట్టి 60 ఏళ్ల లెక్క ఇక్కడే ఎక్కువ పనికొస్తుంది. బారో అని బటన్ ఉన్నవి గంటకో, 14 రోజులకో అరువిచ్చేవి, ఎక్కువగా ఇంగ్లీషువి. ఆ పద్ధతి మీద అమెరికాలో ప్రచురణకర్తలు కేసు వేసి 2023లో గెలిచారు, చాలా పుస్తకాలు తీసేశారు. దాన్ని నమ్ముకుని పని పెట్టుకోబాక.

భక్తి పుస్తకాలకైతే ఇంత వెతుకులాట అక్కర్లేదు. తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్లే తమ ప్రచురణలను ఈ-బుక్స్ సైట్లో ఉచితంగా పెట్టారు. ప్రచురించినవాళ్లే ఇస్తున్నారు, లెక్కతో పనిలేదు. మీ అత్తగారికి ముందు ఇది చూపించు.

పిల్లలకు ప్రథమ్ బుక్స్ వాళ్ల కథల సైటు స్టోరీవీవర్ చాలు. భాష తెలుగు అని ఎంచుకో, స్థాయి 1 నుంచి 4 దాకా ఉంటాయి. అక్షరాలు కూడబలుక్కునేవాడికి 1, సొంతంగా చదివేవాడికి 3. తరగతిని బట్టి కాదు, చదివే తీరును బట్టి ఇవ్వు. లైసెన్సు క్రియేటివ్ కామన్స్ గనక కథ ప్రింటు తీసి మీ సింగరాయకొండ బడిలో పంచినా తప్పులేదు, రాసినవాళ్ల, బొమ్మ వేసినవాళ్ల పేర్లున్న పేజీ మాత్రం చించకుండా పంచు. కొన్ని అనువాదాల్లో తెలుగు గరుగ్గా ఉంటుంది, ఇచ్చేముందు నువ్వొకసారి చదువు.

నీ చదువుకు ఎన్సీఈఆర్టీ సైట్లో 6 నుంచి 12 దాకా చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, ఆర్థికశాస్త్రం అధ్యాయాలుగా ఉంటాయి. మన రాష్ట్ర తెలుగు మీడియం పాఠ్యపుస్తకాలు దీక్షా యాప్‌లో దొరుకుతాయి. డిగ్రీ స్థాయికి ఇగ్నో వాళ్ల ఈజ్ఞానకోశ్ బాగుంటుంది కానీ ఒక్కో యూనిట్ ఒక్కో ఫైలు, దింపిన వెంటనే పేరు మార్చకపోతే నాలుగు రోజులకు ఏది ఏదో తెలియదు. చట్టాలకు ప్రభుత్వం వాళ్ల ఇండియా కోడ్ సైటు. నేషనల్ డిజిటల్ లైబ్రరీ, ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లది, వెతకడానికి మంచిది. అయితే అది పుస్తకం ఎక్కడుందో చూపిస్తుంది, తెరిచిన ప్రతిదీ పూర్తిగా చదవనివ్వదు. ఇవన్నీ ఉచితమే గానీ హక్కులు వాళ్లవే, చదువుకో, జిరాక్స్ తీసి అమ్మబాక. ఇంగ్లీషు మెరుగుపడాలంటే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో 70 వేలకు పైగా పుస్తకాలుండాయి. తెలుగు అరకొరే. అక్కడ ఉచితం అన్నది అమెరికా చట్టం లెక్కన, మన 60 ఏళ్లు నువ్వే చూసుకోవాల.

చదివే యాప్ రీడ్‌ఎరా పెట్టుకో, ప్రకటనలు రావు, ఈపబ్, పీడీఎఫ్ రెండూ తెరుస్తుంది. స్కాన్ పీడీఎఫ్‌లో అక్షరం పెద్దది చెయ్యడం కుదరదు గనక అంచులు కత్తిరించే ఆప్షన్ పెట్టి ఫోను అడ్డంగా తిప్పి మీ మామగారి చేతికివ్వు, అక్షరం బాగా పెద్దదవుతుంది. కొన్ని తెలుగు పీడీఎఫ్‌లు చూడ్డానికి శుభ్రంగానే ఉంటాయి, ఒక వాక్యం కాపీ చేస్తే మాత్రం పిచ్చి గుర్తులొస్తాయి. ఫైలు చెడిపోయిందనుకోబాక. అది ‘అను’ అనే పేరున్న ఫాంట్లతో కూర్చింది, ఫోన్లు గుర్తుపట్టే యూనికోడ్ అక్షరాలు కాదు. చదువుకోవచ్చు, వెతకడం కుదరదు. స్కానులోంచి ఒక పేజీ అక్షరాలుగా కావాలంటే ఆ పేజీ ఫొటో గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరువు, కింద తెలుగు వచ్చేస్తుంది. ఫొటో 2 ఎంబీ లోపుండాల, వంకర లేకుండా తియ్యాల.

దింపిన ప్రతి ఫైలుకూ రచయిత పేరు, పుస్తకం పేరు, అచ్చయిన ఏడాది ఈ వరసలో పేరు పెట్టు. ఆర్కైవ్ ఫైలు అంకెల పేరుతో వస్తుంది, అట్టానే వదిలేస్తే అదే పుస్తకం మళ్లీ మళ్లీ దింపుకుంటావు.

మీ మామగారికి కావాల్సిన పుస్తకాలు ఒక కాగితం మీద రాయించు. పక్కన రచయిత పేరు, తెలిస్తే పోయిన ఏడాది, తెలియకపోతే ప్రశ్నార్థకం. ఫొటో తీసి పంపు, ప్రశ్నార్థకాల సంగతి నేను చూస్తా.

మీ మామయ్య